నాన్న నమ్మిన గొంతు

ఆకాశంలోంచి ఎవరో దిగి వస్తున్నారని చెప్పడం చాలా తేలిక. రాకపోతే అడిగే నాథుడు లేడు. అదే ఎదురింటివాడు దొంగ అని టీవీలో చెప్పి చూడండి, తెల్లారేసరికి గుమ్మంలో నిలబడి నిలదీస్తాడు. గ్రహాంతరవాసి నిలదీయడు. పరువు నష్టం దావా వెయ్యడు. అందుకే ఒక టీవీ ఛానెల్లో చెప్పడానికి వార్త లేని రోజున, ఉన్న వార్త చెప్పే దమ్ము లేని రోజున, ఎగిరే పళ్ళేలు దిగేవి. వాటిని దించే గొంతు మైకమ్మది.

మైకమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, బస్టాండు పెట్టింది. చదువు అయీ అవకముందే ఆమెకు అక్కడ మైకు ముందు కూర్చునే పని దొరికింది. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పాలి, అంతే. ఆమె గొంతు పెద్దదేమీ కాదు. కానీ మాటకీ మాటకీ మధ్య కాస్త చోటు వదిలి, తొందర పడకుండా, వినేవాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు చెప్పేది. మూటలు మోసేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఎవరో ఒకరు చెప్తే తప్ప కదలలేని ముసలివాళ్ళు ఆ గొంతు వెంట నడిచి బస్సులెక్కారు. నీ మాట విని తప్పు బస్సెక్కానని తిరిగొచ్చి ఆమెతో తగాదా పడ్డవాళ్ళు లేరు.

ఆ బస్టాండుకే వాళ్ళ నాన్న బస్సు నడుపుకుంటూ వచ్చేవాడు. మైకు గరగరమనగానే ఇంజను ఆపేసేవాడు, తన ఇంజను చప్పుడులో కూతురి మాట ఎవరికీ వినపడకుండా పోతుందేమోనని. తోటి డ్రైవర్లు ప్లాట్‌ఫారం మార్చేశారని, ముందుగా చెప్పలేదని గొణిగితే, "మా అమ్మాయి చెప్పిందా? చెప్తే అంతే" అని స్టీరింగు తిప్పేసేవాడు. జీవితంలో ఆయన దేన్నీ అంత తేలిగ్గా నమ్మలేదు. బ్రేకుల్ని నమ్మలేదు, మెకానిక్కుల్ని నమ్మలేదు, పెళ్ళిచూపులప్పుడు అల్లుణ్ణి కూడా నమ్మలేదు. ఆ చివరి విషయంలో ఆయన మాటే నిజమైంది. పెళ్ళి పొసగలేదు, కూతురు తిరిగొచ్చింది. అంతకు మించి ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

తర్వాత బస్టాండులో మైకు ముందు మనిషి అక్కర్లేని రోజులొచ్చాయి. ఏదో పెట్టె పెట్టారు, మీట నొక్కితే అదే చెప్తుంది. నాన్న రిటైరయ్యాడు, అమ్మ మంచం పట్టి పోయింది. పని వెతుక్కుంటున్న మైకమ్మ గొంతు ఎవరి ద్వారానో ఈ ఛానెల్ వాళ్ళ చెవిన పడింది. టీవీలో బొమ్మల వెనక వినపడే గొంతు కావాలి, మొహంతో పని లేదన్నారు. మొహంతో పని లేదన్నందుకు ఆమెకు కోపం రాలేదు. అక్కడ తలకాయతో కూడా పని లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

ఆమె కూర్చునే గది బీరువా కంటే కాస్త పెద్దది. గోడలకు మెత్తటి నురగ అట్టలు, ముందు మైకు, పక్కన చిన్న టీవీ, ఎదురుగా అద్దం. అద్దానికి అవతల సౌండాయన, ఆయన వెనక కుర్చీలో ప్రొడ్యూసరు. చప్పుడు మైకులో పడుతుందని లోపల ఫ్యాను వెయ్యరు. చెమటలు కక్కుతూ, కాగితం గరగరలాడకుండా పట్టుకుని, ఎవరో రాసింది చదవాలి. నిజమా అని అడగడం ఆ పనిలో లేదు. రాసేవాడు రాస్తాడు, చదివేవాళ్ళు చదువుతారు, వేసేవాడు వేస్తాడు. తిలాపాపం తలా పిడికెడు. పిడికెడే కదా అని ఎవరికి వాళ్ళు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతారు.

ఆ ప్రొడ్యూసర్ని ఆఫీసంతా సంచలనం సారు అనేది. మంచినీళ్ళ గొట్టం పగిలినా ఆయనకు సంచలనమే. ఆయన నెత్తికెత్తుకున్న కార్యక్రమం గ్రహాంతరవాసుల గురించి. మొదట వారానికొకసారి వేశారు, జనం ఎగబడి చూస్తున్నారని రోజూ సాయంత్రం వెయ్యడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి పరదేశపు వెబ్‌సైట్లు గాలించి, ఒకచోట తోక, ఒకచోట తల తెచ్చి అతికించేవాడు. వాళ్ళ సంకేతాలు ఎవరికి అందుతాయో చెప్పే భాగం ఒకటి రాశాడు. దీపాల చుట్టూ రంగు రంగుల వలయాలు కనిపిస్తాయట. తలనొప్పి వస్తుందట, కడుపులో తిప్పుతుందట, కళ్ళు బరువెక్కుతాయట. అవి కనిపించిన వాళ్ళు ఎంపికైన వాళ్ళట. పొద్దు వాలాక ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో కదలకుండా కూర్చుని ఆకాశం వంక చూస్తే మరింత స్పష్టంగా కనిపిస్తాయట. చివర్లో ఒక మాట మైకమ్మ చేత గొంతు తగ్గించి చదివించాడు. "మీకున్నది భ్రమ అంటారు, జబ్బు అంటారు. డాక్టర్లు కూడా అదే అంటారు. నమ్మకండి. నిజం మీ కళ్ళకు తెలుసు."

ఆ వాక్యం ఒక్కసారికే బాగా వచ్చిందని సంచలనం సారు అద్దం మీద తట్టి బొటనవేలు చూపించాడు.

ఒకసారి చర్చకు ఒక సైన్సు లెక్చరర్ని పిలిచారు. నమ్మనివాడు ఒకడైనా లేకపోతే రక్తి కట్టదు కదా. పాపం ఆయన కోటు వేసుకుని, నోట్సు రాసుకుని మరీ వచ్చాడు. ఆకాశంలో మరెక్కడా ప్రాణి లేదని తాను అననని, ఉంటే మంచిదేనని, కానీ దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే ముందు కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని చెప్పబోయాడు. సంచలనం సారు చెయ్యి ఊపాడు, సౌండాయన లెక్చరరు మైకు తగ్గించేశాడు, పైన డప్పుల మోత వేశారు. తెర మీద ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. అద్దం అవతల అందరూ పడీ పడీ నవ్వారు. ఇవతల మైకమ్మా నవ్వింది.

ఇంట్లో మాత్రం ఆమె ఏనాడూ దాచలేదు. అన్నం తింటూ, అవన్నీ ఒట్టి కోతలు నాన్నా, ఆ సారు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి రాస్తాడు, మేం చదువుతాం, అని చాలాసార్లు చెప్పింది. ఆయన ముసిముసిగా నవ్వేవాడు. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని ఆమెకు ఆజ్ఞ ఉండి ఉంటుందని, అందుకే ఇంట్లో తేల్చేస్తోందని ఆయన అనుకున్నాడు. ఈ సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కార్యక్రమం వచ్చే వేళకు ఆమె డ్యూటీలో ఉండేది. నాన్న కింది వాటా దర్జీని పిలిచి, సౌండు పెంచి, కూతురి గొంతు వినిపించేవాడు. దర్జీ వెటకారం మనిషి. అంతంత దూరం నుంచి వచ్చేవాళ్ళకి రాజులూ మంత్రులూ ఉండగా మన మేడ మీద ఏం పని బాబాయ్, నా దగ్గర గుడ్డలు కుట్టించుకోడానికా, అనేవాడు. నిప్పు లేనిదే పొగ రాదనేవాడు పెద్దాయన. ఆ తర్వాత ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సెల్‌ టవరు ఎర్రదీపం చుట్టూ, దూరంగా పోయే విమానం దీపం చుట్టూ ఆయనకు రంగులు గుండ్రంగా కనిపించేవి. తల పగిలిపోయేది. ఒక్కోసారి వాంతి వచ్చేది. అవన్నీ ఎవరికీ చెప్పకుండా సంబరంగా ఓర్చుకునేవాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కానీ ఈ పిచ్చి ఆయన సొంతం కాదు. కన్నకూతురు గొంతుతో చెవిలో పోసింది.

ఒక మధ్యాహ్నం మైకమ్మ గదిలో కూర్చుని ఉంది. కాగితం చేతిలో ఉంది, చెవులకు హెడ్‌ఫోను ఉంది. పక్కనున్న చిన్న టీవీలో ఆ రోజు బొమ్మలు మొదలయ్యాయి. "ప్రత్యక్ష సాక్షి" అని పెద్ద అక్షరాలు పడ్డాయి. అక్షరాలు పోయాక వాళ్ళ మేడ కనిపించింది. మేడ మీద వాళ్ళ నాన్న కనిపించాడు.

తాను కొనిపెట్టిన చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి విడిచి ఒకటి తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. ఎడమ కన్ను కుంకుమలా ఎర్రగా ఉంది. ఆయనే ఛానెల్‌ నంబరుకు ఫోను చేసి పిలిపించుకున్నాడట. కూతురు అక్కడే పని చేస్తుందని చెప్పలేదు, చెప్తే కూతురి పేరు చెప్పుకుని టీవీకెక్కాడంటారని. రిపోర్టరు అడిగినదానికల్లా వినయంగా జవాబు చెప్తున్నాడు.

"కుడి కన్ను మూసుకుంటే వెలుగు ఒక్కటే ఉంటుందండీ. ఎడమ కంట్లోకి వాళ్ళు వచ్చేశాక మిగతావి కనబడ్డం మానేశాయి. మనుషులు అసలు కనబడరు. నేను పట్టించుకోలేదు. ఎంపికైనవాళ్ళకి ఇట్లాగే ఉంటుందని టీవీలో చెప్పారు కదండీ."

ఈ మాటల మీద మైకమ్మ చదవాల్సింది కాగితంలో సిద్ధంగా ఉంది. ఈ వృద్ధుడి కంట్లో దాగిన రహస్యం ఏమిటి, అంతరిక్షం ఈయన్నే ఎందుకు ఎంచుకుంది, అని. సౌండాయన చదవమని చెయ్యి చూపించాడు. ఆమె కాగితం వదిలేసి టీవీలో ఆ ఎర్రటి కంటి వంకే చూస్తోంది. మళ్ళీ చెయ్యి చూపించాడు. ఆమె హెడ్‌ఫోను తీసి మైకు మీదకు విసిరేసింది. ఆ చప్పుడుకు అద్దం అవతల ఇద్దరూ చెవులు పట్టుకున్నారు. ఆమె మెట్లు దిగి ఇంటికి పరుగెత్తింది.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఆమెను ఆశ్చర్యపరుద్దామని దాచిన సంగతి బయటపడినందుకు కాస్త చిన్నబోయాడు, ఆ వెంటనే నీ ప్రోగ్రాములో నేను అని పసివాడిలా మురిసిపోయాడు. ఆమె నోటికి హద్దు లేకుండా పోయింది. ముసలితనంలో టీవీ పిచ్చేమిటని అరిచింది. చప్పుడు విని బయటికొచ్చిన దర్జీ మీద విరుచుకుపడింది, రోజూ పక్కనే కూర్చుంటావు, మనిషి కన్ను పోతుంటే కనబడలేదా అని. దర్జీ తల దించుకున్నాడు, మీరూ అదే ఇంట్లో ఉంటారు కదా అక్కా అనలేదు. అనకపోయినా ఆమెకు వినపడింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు కళ్ళూ పరీక్ష చేసింది, ఒత్తిడి కొలిచింది, చుక్కలు వేసి మళ్ళీ కొలిచింది. నీటి కాసులు అంది. కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకై, మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నలిపేస్తుందని చెప్పింది. ఎడమ కంటి నరం పోయింది, తిరిగి రాదు. కుడి కంటికీ అదే ఇరుకు ఉంది. లేజరుతో చిన్న రంధ్రం చేస్తే నీటికి దారి దొరుకుతుంది, కన్ను నిలుస్తుంది. ఆలస్యం చేస్తే ఏదో ఒక సాయంత్రం ఇదీ పోతుంది. చీకట్లో కంటిపాప పెద్దదై ఆ దారిని ఇంకా మూసేస్తుందని చెప్తూ, చీకట్లో ఎక్కువసేపు కూర్చునే అలవాటు ఉందా అని అడిగింది.

"రోజూ కూర్చుంటానమ్మా, దీపాలన్నీ ఆర్పేసి" అన్నాడు పెద్దాయన గర్వంగా.

"అలా కూర్చోమని మీకెవరు చెప్పారు?"

ఆయన పక్కకు తిరిగి, చెయ్యి చాపి చూపించాడు. "మా అమ్మాయే."

డాక్టరమ్మ మైకమ్మ వంక చూసింది. టీవీలో ఎవరో రాసింది చదివానని చెప్పొచ్చు. చెప్పినా అది జవాబు కాదని ఆమెకే తెలుసు.

అసలు గొడవ అక్కడినుంచి మొదలైంది. పెద్దాయన లేజరుకు ఒప్పుకోలేదు. మందు చుక్కలు వేయించుకుంటానన్నాడు, మాత్రలు మింగుతానన్నాడు, కంట్లో రంధ్రం మాత్రం వద్దన్నాడు, ఆకాశం నుంచి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారని. రోగి ఒప్పుకోకుండా మేం చెయ్యమని, తొందరగా తేల్చుకు రమ్మని డాక్టరమ్మ పంపేసింది. ఇంటికొచ్చాక మైకమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆ కార్యక్రమం పచ్చి అబద్ధమని, తనకు తెలిసే చదివానని ఒట్టేసి చెప్పింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు.

"ఇంట్లో నువ్వు నా మంచికోసం అబద్ధం చెప్తావు తల్లీ. నాకు తెలుసు. మీ అమ్మ పోయేముందు కూడా, తగ్గిపోతుంది నాన్నా అని చెప్పావు. కానీ మైకులో నువ్వు అబద్ధం చెప్పవు. ఊరంతా వింటుంటే చెప్పవు."

ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా అంటారు. ఈయనకు కన్నే కాలిపోయింది, అయినా ముద్దు పెట్టుకోవడం మానలేదు. మైకమ్మకు గోడకు తల బాదుకోవాలనిపించింది. బస్టాండులో నిజం చెప్పి చెప్పి ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం అది. దాన్ని తీసుకెళ్ళి సంచలనం సారు చేతిలో పెట్టింది. ఆయన దాంతో అబద్ధాలమ్ముకున్నాడు, కొన్నవాళ్ళలో మొదటివాడు కన్నతండ్రి అయ్యాడు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఉన్నదంతా చెప్పింది. తన గొంతుతోనే దిద్దుబాటు వెయ్యమంది. రంగు వలయాలు కంటిజబ్బు గుర్తు కావచ్చని, మేం చెప్పింది తప్పని, ఒక్క నిమిషం చాలని అడిగింది. తన తండ్రి కోసమే కాదు, చీకట్లో కూర్చున్న ముసలివాళ్ళు ఇంకా ఎందరున్నారో ఎవరికి తెలుసని అడిగింది. సంచలనం సారు నిజంగానే బాధపడ్డాడు. అయ్యో అన్నాడు, టీ తెప్పించాడు. మేం చెప్పింది తప్పు అని ఏ ఛానెలూ చెప్పుకోదమ్మా అన్నాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇంకో మార్గం ఉందమ్మా. 'గ్రహాంతర కిరణాల దెబ్బకు చూపు పోయిన వృద్ధుడు' అని వేద్దాం. చివర్లో, కిరణాలు తగిలినవాళ్ళు వెంటనే లేజరు చేయించుకోవాలని మీరే చెప్పండి. మీ నాన్నగారు రేపు పొద్దున్నే ఆసుపత్రిలో ఉంటారు. మనకూ ఎపిసోడ్ వస్తుంది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నది విన్నాం కానీ, కళ్ళెదుట ఏడుస్తున్న మనిషిని కూడా ఎపిసోడ్ కింద కోసి వండేవాణ్ణి చూడటం వేరు. అయినా ఆయన అప్పటికప్పుడు రాసిచ్చిన కాగితం మైకమ్మ తీసుకుని మెట్ల మీద కూర్చుని చదివింది. ఆ అబద్ధం పని చేస్తుంది. అందులో అనుమానమే లేదు. ఈ రాత్రి వేస్తే రేపటికి నాన్న బుద్ధిగా కన్ను చూపిస్తాడు. ఎందుకు వద్దనాలి? కన్ను నిలిస్తే చాలదా?

కాసేపటికి ఆమెకు తెలిసొచ్చింది. ఈవేళ ఈ గొంతు లేజరు చేయించుకోమంటుంది. వచ్చే వారం చేతికి మరో కాగితం వస్తుంది, ఆసుపత్రుల్లో లేజరు పేరుతో కళ్ళల్లో ఏదో అమరుస్తున్నారని ఇదే గొంతు చెప్తుంది. నాన్న అదీ నమ్ముతాడు, చుక్కలు మానేస్తాడు. ఆయన కుడి కన్ను జీవితాంతం సంచలనం సారు కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ గొంతు మీద నమ్మకం ఉన్నంతకాలం ఆ కన్నుకు దిక్కు లేదు. ఆ నమ్మకాన్ని చంపాలి. దాన్ని పెంచింది తానే కాబట్టి చంపాల్సింది కూడా తానే. అంత కోపం ఆమెకు జీవితంలో ఎప్పుడూ రాలేదు, మొగుడి మీద కూడా.

ఆ సాయంత్రమే నాన్నను ఛానెలుకు తీసుకొచ్చింది. నువ్వు పని చేసే చోటు చూపిస్తావా అని ఆయన పొంగిపోయి, తల దువ్వుకుని, చేతికర్ర పట్టుకుని బయల్దేరాడు. సాక్షి గారే స్వయంగా వచ్చారని సంచలనం సారు ఎదురొచ్చి, అద్దం అవతల తన పక్కనే కుర్చీ వేయించాడు. తాను చెప్పినట్టే కిరణాల ఎపిసోడ్ చదవడానికి ఆమె ఒప్పుకుందని ఆయన అనుకున్నాడు. లోపలి మాట బయటికి వినపడే స్పీకరు పెట్టమని ఆమె సౌండాయనకు ముందే చెప్పింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

మొదట మామూలుగా చదివింది. ఆకాశం నుంచి వచ్చిన కిరణాలు ఒక వృద్ధుడి కంటిని తాకాయి అని.

"భయం చాలదమ్మా" అన్నాడు సంచలనం సారు ఆమె హెడ్‌ఫోనులో. అది ఆయన రోజూ అనే మాటే.

ఆమె భయం పెంచింది. అదే వాక్యం ఒంటి మీద వెంట్రుకలు లేచేలా చదివింది. ఇంకాస్త జాలి కావాలన్నాడు, జాలి పోసింది, చివర్లో గొంతు వణికించింది. కళ్ళారా చూసినట్టు ఉండాలన్నాడు, చూసినట్టే చదివింది. ఆయన బొటనవేలు చూపించాడు. అప్పుడామె కాగితం కింద పెట్టేసింది. అదే గొంతుతో, అదే నమ్మకంతో, కిరణాలూ లేవు, ఎవరూ రాలేదు, ఆకాశంలో ఏమీ లేదు అని చదివింది. ఆపకుండా, ఎదురుగా ఉన్న ఈ అద్దం వెన్నతో చేశారని, ఈ కుర్చీ నిన్న రాత్రి పాట పాడిందని చెప్పింది. మాటకీ మాటకీ మధ్య కాస్త చోటు వదిలి, తొందర పడకుండా, వినేవాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు చెప్పింది. సౌండాయనకు నవ్వాగలేదు.

పెద్దాయన నవ్వలేదు. ఒంటికన్నుతో అద్దంలోంచి కూతురి నోటి వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె బయటికొచ్చాక అడిగాడు. "ఇందులో ఏది నిజం?"

"ఏదీ కాదు నాన్నా."

"నీకు తెలిసే చెప్పావా, ఇన్నాళ్ళూ?"

"తెలిసే చెప్పాను."

ఆయన చేతికర్ర కోసం తడుముకున్నాడు. "మరి బస్టాండులో?"

"అక్కడ అన్నీ నిజమే నాన్నా. ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు."

ఆయన ఆమె మొహం వంక చూశాడు, తర్వాత నేల వంక చూశాడు. సరే, ఆసుపత్రికి పోదాం, అన్నాడు.

సంచలనం సారుకు అప్పటికి జరిగింది అర్థమై, ఇదేమిటమ్మా, స్టూడియో టైము పాడుచేసి, అని మొదలుపెట్టాడు. మైకమ్మ ఆయనవైపు తిరిగింది. ఆకాశంలో ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలీదు సార్, ఉంటే మీ కంట పడకుండా వాళ్ళు చల్లగా ఉండాలి, అంది. ఇక పనిలోకి రానని చెప్పి, తండ్రి చెయ్యి పట్టుకోబోయింది. ఆయన గోడ పట్టుకుని నడిచాడు.

లేజరు చాలా తొందరగా అయిపోయింది. నొప్పి కూడా పెద్దగా లేదన్నాడు. కుడి కన్ను నిలిచింది. ఇప్పుడున్న చూపు పోదని, ఒత్తిడి పెరగకుండా చుక్కలు మాత్రం జీవితాంతం వెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. టవరు దీపం చుట్టూ రంగులు పోయాయి. ఆయన మేడ ఎక్కడం మానేశాడు. ఆ ఛానెల్లో మరో గొంతు కుదిరింది, ఇంకా చిన్నపిల్లట. పెద్దాయన మేడ మీద మాట్లాడిన ముక్కను సిగ్గూ ఎగ్గూ లేకుండా ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. తీసెయ్యమని మైకమ్మ రెండుసార్లు వెళ్ళి అరిచొచ్చింది. చూద్దాం అంటారు. ఎర్రటి కన్ను, తప్పు కాజాల్లో గుండీలు, ప్రత్యక్ష సాక్షి అన్న అక్షరాలు. అది వచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. ఇప్పుడామె దుకాణాల ప్రకటనలకు గొంతు ఇస్తోంది. చీరల మీద తగ్గింపు నిజమేనా అని ముందు దుకాణానికి వెళ్ళి చూసొస్తే తప్ప చదవదు. అందుకని పని తక్కువ.

ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మధ్య తగువేమీ లేదు. ఆయన కోపం చూపించలేదు, దెప్పలేదు. పిలిస్తే పలుకుతాడు, పెట్టింది తింటాడు. మునుపటిలాగే తల్లీ అంటాడు.

మొన్న పాత చుక్కల సీసా అయిపోతే మైకమ్మ కొత్తది తెచ్చింది. మూత రంగు మారింది. కంపెనీ మారింది నాన్నా, మందు అదే, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, అని చెప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన సరేనన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తే కిటికీలోంచి చూసింది. నాన్న దర్జీ మిషను పక్కన నిలబడి, సీసా ముందుకు చాపి ఉన్నాడు.

"ఇందులో ఏం రాసుందో కాస్త చదివి పెట్టు అబ్బాయ్."

దర్జీ మిషను ఆపాడు. "అక్క చెప్పలేదా బాబాయ్?"

"చెప్పింది" అన్నాడు నాన్న. "అయినా నువ్వు చదువు."